కర్పూరం మీద కొన్న కాళ్లు

మద్రాసులో మా చూళై పేటలో భాష్యం నాయుడికి కట్టెల డిపో ఉండేది. ఎండు కట్టెలు కొని, అమ్మే ముందు నాలుగు కుండల నీళ్లు చల్లించి తూకం పెంచేవాడు. ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు. అయినా అందరం ఆయన దగ్గరే కొనేవాళ్లం. ఎందుకంటే మనవాడు, తెలుగువాడు, ఏటా శ్రీరామనవమికి వీధి వీధంతా పానకం పోయించేవాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. ఆ మందలో అందరికంటే ముందు నడిచిన గొర్రెను నేనే.

నా పేరు త్యాగరాజు. అక్కడే ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. నాయుడు డిపోతో పాటు వేణుగోపాల స్పోర్ట్స్ క్లబ్బు అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కూడా నడిపేవాడు. ప్రెసిడెంటుగా ఎవరో జమీందారు పేరు రాసి ఉండేది గానీ, సెక్రటరీ నాయుడే, సర్వం నాయుడే. ఆయన జన్మలో బంతిని తన్నినవాడు కాదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుసుకోవాలని కూడా ఆయనకు ఎన్నడూ అనిపించలేదు. కాళ్ల సంగతి మాత్రం ఆయనకు తెలిసినంతగా మద్రాసులో ఇంకెవరికీ తెలియదు. పదిహేనేళ్ల పిల్లవాడు పరుగెత్తుతుంటే గట్టున నిలబడి ఒక్కసారి చూసి, వీడు మూడేళ్లకు ఎంత పలుకుతాడో చెప్పగలడు.

ఆయన పద్ధతి ఇది. పుళియంతోపులో, ఓటేరిలో, వ్యాసర్పాడిలో గుడిసెల మధ్య ఆడుకునే పిల్లల్ని వెతికి తెచ్చేది నాలాంటి మాస్టర్లం. క్లబ్బు వాళ్లకు బూట్లు ఇస్తుంది, జెర్సీ ఇస్తుంది, మ్యాచి రోజున రెండిడ్లీలు, ఒక వడ పెడుతుంది. మూడేళ్లు లీగులో ఆడిస్తుంది. ఈలోగా నాయుడు పత్రికల వాళ్లకు కాఫీలు పోయించి ఆ పిల్లల పేర్లు అచ్చు వేయిస్తాడు. కట్టెల మీద నీళ్లు చల్లడం లాంటిదే అదీ. తూకం పెరిగాక కలకత్తా క్లబ్బులకు కబురు పెడతాడు. ఆటగాడు డబ్బు కోసం ఆడకూడదు, ఆట పవిత్రమైనది, అని అప్పట్లో పెద్దవాళ్లు రూలు పెట్టారు. చెప్పేవన్నీ శ్రీరంగ నీతులే. అందుకని కలకత్తా వాళ్లు ఆ పిల్లవాడికి రైలు టిక్కెట్టూ మెస్సులో అన్నమూ ఇచ్చి, అసలు సొమ్మును మా క్లబ్బు బిల్డింగు ఫండుకు చందాగా ఇచ్చేవాళ్లు. మా క్లబ్బుకు బిల్డింగు లేదు. డిపో వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. నాయుడి ఇంటికి మాత్రం మేడ లేచింది.

పెరుమాళ్‌ను నేను యాభై మూడులో చూశాను. పుళియంతోపులో వాళ్లమ్మ కనకవల్లితో ఉండేవాడు. తండ్రి లేడు. ఆమె కొత్వాల్ చావడి మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే పని చేసేది. వాడు వట్టి కాళ్లతో ఎడమ అంచున బంతి తీసుకుని పోతుంటే నిలబడిపోయి చూశాను. ముప్పై ఏళ్లొచ్చిన మగాళ్లు కూడా వాడి వెనక పడి పడి ఆయాసపడేవాళ్లు, వాడు వెనక్కి తిరిగి నవ్వేవాడు. ఆ ఏడే లీగులో వట్టి కాళ్లతో ఆడకూడదని కొత్త రూలు వచ్చింది. బూట్లు కొనుక్కోలేనివాడికి ఆట లేనట్టే. ఆ రూలు రాసిన మహానుభావుడు బూట్లు ఎవరిస్తారో రాయలేదు. నాయుడిచ్చాడు. ఒక్క జత బూట్లకు ఆ రెండు కాళ్లూ ఆయనవైపోయాయి.

ఎలా అయ్యాయో చెప్పాలి. అసోసియేషన్ ఫారం మీద పెట్టే సంతకం ఒక్క ఏడాదికే చెల్లుతుంది. మార్చి దాటితే ఆటగాడు తనకు నచ్చిన టీముకు పోవచ్చు. చట్టప్రకారం ఎవడూ ఎవణ్ణీ కట్టేసుకోలేడు. నాయుడికి ఇది బాగా తెలుసు గనుక కాగితాన్ని నమ్ముకోలేదు. షెడ్డులో తిరుపతి వెంకన్న పటం ముందు ప్రతి కొత్త పిల్లవాడి చేతా కర్పూరం ఆర్పించేవాడు. వెలుగుతున్న కర్పూరం మీద అరచెయ్యి కొట్టి ఆర్పి మాట చెబితే, మావాళ్లలో ఇంక దానికి తిరుగులేదు. కోర్టులో అబద్ధం చెప్పేవాడు కూడా కర్పూరం దగ్గర చెప్పడు. పెరుమాళ్ వంతు వచ్చినప్పుడు అగ్గిపుల్ల గీసి కర్పూరం వెలిగించింది నేను. మాటలు అందించిందీ నేనే. "సెక్రటరీ అయ్య తన నోటితో పొమ్మనకుండా ఇంకో టీముకు పోను. పోతే నా కాలు పడిపోనీ." పదిహేనేళ్లవాడు నా వెంట ఆ మాటలు అని, టప్పున చెయ్యి కొట్టి, మాడిన అరచెయ్యి నిక్కరుకు తుడుచుకుని, బూట్లవైపు చూశాడు. వెనక నిలబడ్డ కనకవల్లి రెండు చేతులూ ఎత్తి పటానికి దణ్ణం పెట్టింది.

నేను అప్పుడు పిల్లవాడికి మేలు చేశాననే అనుకున్నాను. మా స్కూలుకు నాయుడు రెండు కొత్త తోలుబంతులు పంపాడు. తీసుకున్నాను. మా హెడ్మాస్టరు నన్ను మెచ్చుకున్నాడు.

మూడేళ్లలో పెరుమాళ్ పేరు మూర్ మార్కెట్ పక్కన స్టేడియంలో మారుమోగింది. సోడా అమ్మేవాళ్లు కూడా అమ్మకం మానేసి చూసేవాళ్లు. యాభై ఆరు ఏప్రిల్లో నేను పదిహేను రోజులు గ్రౌండు మొహం చూడలేదు. మా చిన్నపిల్ల చూడామణికి టైఫాయిడ్. అది లేచి గంజి తాగడం మొదలుపెట్టాక స్కూలుకు పోతే, ఆ రోజే రెండు కబుర్లు తెలిశాయి. రైల్వే టీము వాళ్లు పెరుమాళ్‌కు పెరంబూరు వర్క్‌షాపులో పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చి సంతకం పెడితే చాలు, శనివారం మధ్యాహ్నం ఒంటిగంటదాకా గడువు. ఇది ఒకటి. రెండోది, నాయుడు వాణ్ణి కలకత్తా క్లబ్బుకు నాలుగు వేలకు అమ్మేశాడు. ఆదివారం సాయంత్రం హౌరా మెయిలుకు టిక్కెట్టు కూడా తీశారు.

కలకత్తా అంటే ఏమిటో మాకు తెలియంది కాదు. అంతకు ముందు చిన్నసామిని అట్లాగే అమ్మాడు. ఒక సీజను పూలదండలు వేశారు. రెండో సీజనులో మోకాలు తిరిగింది. మూడో నెల మెస్సులోంచి మంచం తీసేశారు. కుంటుకుంటూ వచ్చి ఇప్పుడు చేతిబండి లాగుతున్నాడు. పగలు కొత్వాల్ చావడిలో, పొద్దున పూట నాయుడి డిపోలోనే. తనను అమ్మినవాడి కట్టెలు మోస్తున్నాడు. రైల్వే ఉద్యోగమంటే కాలు విరిగినా జీతం ఆగదు. కాలు విరిగితే కూర్చోబెట్టి చీటీలు రాయిస్తారు, ఆసుపత్రి ఉంది, రేషను ఉంది, ముసలితనానికి పించను ఉంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

అరికాలి మంట నెత్తికెక్కి శుక్రవారం పొద్దున్నే డిపోకి పోయాను. చిన్నసామి బండిలోంచి కట్టెలు దించుతున్నాడు. నాయుడు తరాజు పక్కన కుర్చీలో కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నాడు.

"రండి మాస్టారూ, పాప ఎట్టుండాది? ఒరే, మాస్టారుకు కాఫీ చెప్పు."

"కాఫీ వద్దు. పెరుమాళ్‌ను విడిచిపెట్టండి."

"నేను పట్టుకున్నానా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చేతులు చూపించాడు. "ఫారం పోయిన నెలాఖరుతో తీరిపాయె. పోలీసోణ్ణి పెట్టినానా, తలుపుకు గొళ్లెం పెట్టినానా? వాడి కాళ్లు, వాడి ఇష్టం. యాడికన్నా పోవచ్చు."

"కర్పూరం ఆర్పించారు గదా. మీ నోటితో ఒక్క మాట పొమ్మనండి. పోతాడు."

"ఆ ఒక్క మాటకే గదా మాస్టారూ నాలుగువేలు."

ఆ మాట ఎంతో నింపాదిగా అన్నాడు. నేను అరిచాను. మీకు పిల్లలు లేరా అన్నాను, దేవుడి పటం పెట్టుకుని పశువుల సంత నడుపుతున్నారన్నాను, ఊళ్లో మీ పరువు తీస్తానన్నాను. చిన్నసామి చేతిలో కట్టె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. నాయుడు ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్లమ్మ వచ్చి అడిగిందా నన్ను? వాడడిగినాడా? మీరేమో ఊగతా ఉండారు. ఆ పొద్దు అగ్గిపుల్ల గీసింది మీరే గదా. మీ స్కూల్లో బంతులు పాతబడిపోయినాయని విన్నా. ఈ తూరి నాలుగు పంపిస్తాలే, పోండి."

నా చెయ్యి లేచింది. నిజం చెప్పాలంటే కొట్టేవాణ్ణే. కొట్టలేదు. ఆయన డిపో, ఆయన మనుషులు, నాది బడిపంతులు ఉద్యోగం. గేటు దాటి వీధిలో పడ్డాక మాత్రం దారి పొడవునా తిట్టుకుంటూ పోయాను, ఎదురొచ్చినవాళ్లు నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు.

మధ్యాహ్నం స్కూలు ఎగ్గొట్టి పుళియంతోపు పోయాను. కనకవల్లి అప్పుడే చావడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. పెరుమాళ్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మనిషి ఎదిగాడు గానీ నన్ను చూడగానే స్కూలు పిల్లవాడిలాగే లేచి నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే బయల్దేరు. నేను వెంట వస్తాను. రైల్వే ఆఫీసులో సంతకం పెట్టి వచ్చేద్దాం," అన్నాను.

వాడు తల్లివైపు చూశాడు. తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎట్ట పోతాడయ్యోరా? సత్తియం చేసుండాడు గదా."

"నాయుడికి లేని సత్యం మీకెందుకమ్మా?"

"నాయుడు కర్పూరం ఆర్పలేదే. ఆర్పింది మావాడు."

ఇంక నేను ఏమన్నానో నాకే సరిగా గుర్తులేదు. కర్పూరం అంటే చెట్టు పాలు, అంగట్లో అణాకు ఇంత ఇస్తారు, అది కాళ్లు విరగ్గొడుతుందా అన్నాను. చిన్నసామి కాలు విరిగింది కదా, వాడు ఏ సత్యం తప్పాడని విరిగింది అని అడిగాను. మీలాంటి మూఢులు ఉన్నంతకాలం నాయుళ్లు మేడలు కడుతూనే ఉంటారన్నాను. పక్క గుడిసెలవాళ్లు బయటికి వచ్చి చూశారు. కనకవల్లి అంతా విన్నది.

చివరకు పెరుమాళే నోరు విప్పాడు. "నాకు కలకత్తా వద్దు సార్. అమ్మను ఈడ ఇడిచిపెట్టి నేనాడ ఏం జేసేది? రైల్వేకే పోవాలనుండాది. కానీ కాలు పోతే సార్? ఈ కాలు తప్ప నాకేముండాది?"

"సెక్రటరీ పొమ్మంటే పోతాడు," అంది కనకవల్లి. "ఆయన పొమ్మన్నాడని నమ్మకంగా తెలిస్తే చాలు. అంతకంటే ఇంకేమొద్దు మాకు."

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. రాత్రంతా ఆలోచించి ఒకటే దారి అనుకున్నాను. అబద్ధం చెబుతాను. ఒక పిల్లవాడి బతుకు కోసం చెప్పే అబద్ధం అబద్ధం కాదు. దొంగకు దొంగ వైద్యమే చెయ్యాలి. మా ఆవిడ వరదలక్ష్మికి చెబితే, "మంచి పనే, చెయ్యండి," అని చూడామణి గంజిలో ఉప్పు కలుపుతూ అంది.

శనివారం పది గంటలకు పుళియంతోపులో ఉన్నాను. మొహానికి నవ్వు పులుముకుని గుమ్మం బయటి నుంచే కేకేశాను.

"ఒరే పెరుమాళ్! నాయుడు ఒప్పుకున్నాడురా! పొమ్మన్నాడు. నిన్న సాయంత్రం నాతోనే అన్నాడు. చొక్కా వేసుకో, ఇంకా మూడు గంటలుంది."

పెరుమాళ్ మొహం వెలిగిపోయింది. లోపలికి పరుగెత్తి చొక్కా తొడుక్కుంటూనే బయటికి వచ్చాడు. ఒక గుండీ పెట్టుకున్నాడు, రెండోది పెట్టుకుంటున్నాడు. కనకవల్లి మాత్రం కదలలేదు. నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత లోపలికి పోయి, దీపం గూట్లోంచి కర్పూరం బిళ్ల తెచ్చి ఒక ఇత్తడి తట్టలో పెట్టి, నా ముందు నేల మీద ఉంచి వెలిగించింది.

"ఆర్పి చెప్పండయ్యోరా. నాయుడు పొమ్మన్నాడని. ఆ మాట చాలు, పోతాడు."

ఇదేం కష్టం? అంగట్లో అణాకు ఇంత ఇస్తారని నిన్న నేనే అన్నాను. వంగి కూర్చున్నాను. కుడి అరచెయ్యి చాచాను. మంట జానెడు లేచి చిన్నగా ఊగుతోంది, నల్లటి పొగ నా వేళ్ల మధ్య నుంచి పైకి పోతోంది. చెయ్యి కిందికి దించాలి. దించి, ఒక మాట అనాలి. అంతే. అప్పుడు నాకు చూడామణి గుర్తొచ్చింది. పది రోజుల కింద దాని మెడ నిలబడేది కాదు, ఒంటి మీద చెయ్యి వేస్తే కాలేది. కర్పూరం మీద అబద్ధమాడితే ఇంట్లో పిల్లలకు తగులుతుందని మా అమ్మమ్మ చెప్పేది. నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. అయినా చెయ్యి దిగలేదు. దిగమని చెప్పాను, దిగలేదు. మంట నా అరచేతికి నాలుగు వేళ్ల కింద మండుతూనే ఉంది. ఆ తల్లీ కొడుకూ నా చెయ్యిని చూస్తున్నారు. కాసేపటికి కర్పూరం దానంతటదే కరిగి, చిన్నదైపోయి, ఆరిపోయింది.

పెరుమాళ్ రెండో గుండీ విప్పేశాడు, తర్వాత మొదటిది కూడా.

"పొమ్మనలేదు," అన్నాను నేను. "అబద్ధం చెప్పాను."

"సరి అయ్యోరా," అంది కనకవల్లి, తట్ట తీసుకుని లోపలికి పోయింది.

ఒంటిగంట అయ్యేదాకా నేను ఆ వీధి చివర టీ కొట్టు దగ్గరే కూర్చున్నాను. ఏదో ఒకటి తడుతుందనీ, లేచి పోయి వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోతాననీ అనుకుంటూనే ఉన్నాను. కొట్లో గడియారం ఒంటిగంట కొట్టింది. టీ డబ్బులిచ్చి ఇంటికి పోయాను. ఆ రోజంతా ఇంట్లో కనిపించిన ప్రతివాళ్ల మీదా కసురుకున్నాను.

ఆదివారం సాయంత్రం సెంట్రల్ స్టేషనుకు పోకుండా ఉండాల్సింది. పోయాను. నాయుడు గులాబీల దండ తెచ్చాడు. పత్రికవాణ్ణి ఒకణ్ణి, ఫోటో తీసేవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. కలకత్తా నుంచి వచ్చిన మనిషి పెరుమాళ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, ప్యాంటు పైకి మడవమని, రెండు మోకాళ్లనూ బొటనవేళ్లతో నొక్కి నొక్కి చూశాడు. ఎడమది రెండుసార్లు చూశాడు. జనం మధ్యలో, దండ మెడలో ఉండగానే. పెరుమాళ్ తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ మనిషి లేచి చేతులు దులుపుకుని తల ఆడించాక, నాయుడు ఫోటోకు నిలబడ్డాడు. "మన చూళై బిడ్డ, మన తెలుగు బిడ్డ," అని భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నసామి కూడా వచ్చాడు, దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అతను చప్పట్లు కొట్టలేదు.

పెరుమాళ్ నా కాళ్లకు మొక్కి రైలెక్కాడు. నేను ఆశీర్వదించలేదు, ఏ మొహంతో ఆశీర్వదించను? వెనక్కి తిరిగితే కనకవల్లి ఉంది. కళ్లు తడిగా లేవు. మొహం మాత్రం నేను ఎప్పుడూ చూడనంత గట్టిగా ఉంది.

"కోపం వద్దమ్మా," అన్నాను. "నా ప్రయత్నం నేను చేశాను. అబద్ధానికి నా చెయ్యి రాలేదు."

"మీరు చెప్పేది అబద్ధమని నాకు ముందే తెల్సు. నాయుడు పొమ్మనడని శుక్రారమే ఇన్నా."

నాకు అర్థం కాలేదు.

"చిన్నసామి ఆడ కట్టెలు దించతా అంతా ఇన్నాడు. చావడిలో నాతో చెప్పినాడు. నాయుడు పొమ్మనలేదని, మిమ్మల్ని బంతులిస్తా పొమ్మన్నాడని."

"తెలిసీ కర్పూరం ఎందుకు తెచ్చావమ్మా?"

"మీరు ఆర్పుతారని తెచ్చినా." ఆమె గొంతు పెరిగింది. పక్కనున్నవాళ్లు చూశారు, ఆమె పట్టించుకోలేదు. "మీరు ఆర్పి చెప్పుంటే మేము నమ్మి పోయినట్టు. మా మీద పావం లేదు, మావాడి కాలికి భయం లేదు. ఆ పావం మీది. మోసేదానికి ఒక్క పెద్దమనిషన్నా దొరుకుతాడేమోనని తెచ్చినా. సదువుకున్నోరు, కర్పూరం చెట్టు పాలన్నోరు, మీరు గాక ఇంకెవరు మోస్తారు?"

"ఇంట్లో చిన్నపిల్ల ఉందమ్మా. జబ్బు నుంచి ఇప్పుడే లేచింది. దానికేమన్నా అవుతుందేమోనని..."

"ఆమా, నిజమే అయ్యోరా. మీ బిడ్డకు ఏమన్నా అవుతాదని మీకు చెయ్యి రాలే." ఆమె నా వైపు ఒక అడుగు వేసింది. "మూడేండ్ల కింద మావాడి చేత ఆర్పించినారే. వాడి కాలు పడిపోవాలని వాడి నోటితోనే చెప్పించినారే, ఒక్కో మాట మీరే అందించి. వాడు మాత్రం ఒకరి బిడ్డ గాదా?"

గార్డు ఈల వేశాడు. రైలు కదిలింది. ఆమె నన్ను తప్పించుకుని, కొడుకు కూర్చున్న కిటికీ ఊచ పట్టుకుని, ప్లాట్‌ఫారం చివరిదాకా రైలు వెంట నడిచింది.